అక్క నడినెత్తి

అక్క జుట్టు రైసు మిల్లు బెల్టులో చిక్కుకున్న రోజున ఇంజను చక్రాన్ని ఉత్త చేతులతో పట్టి ఆపినవాణ్ణి నేనే. అమలాపురం చుట్టుపక్కల ఏ అరుగు మీద కూర్చున్నా ఈ మాట చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు నా అరచేతులు తిప్పి చూసేవారు కూడా. ఈ వయసులో అబద్ధాలు గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉంది. ఆ వేళ నేను మిల్లు వెనక, ఊకకుప్ప నీడన చుట్ట కాలుస్తున్నాను. కర్రతో బెల్టును చక్రం మీంచి తప్పించినవాడు ఇంజను డ్రైవరు. నేను లోపలికి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది.

పందొమ్మిది వందల యాభైలలో మాట ఇది. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. భర్త పోయాక మా ఇంటికే వచ్చేసి, మిల్లులో తవుడు జల్లించే పనిలో చేరింది. ఆ రోజు తలంటుకుని, తడి ఆరక జారుముడి వేసుకుని వచ్చింది. తవుడు ఎత్తడానికి వంగినప్పుడు ముడి జారింది, బెల్టు అందుకుంది. కనుబొమ్మల పైనుంచి మెడ దాకా నెత్తిమీది చర్మం జుట్టుతో సహా ఊడి వచ్చేసింది. నడినెత్తిన అరచేతిమేర పుర్రె బయటపడింది. లేతకొబ్బరిలా ఉందని తరవాత తరవాత వర్ణించేవాణ్ణి. అలా లేదు. దాన్ని దేనితోనూ పోల్చలేను. అక్కకు తెలివి కూడా తప్పలేదు. నన్ను చూసి, కొంగు సరిచెయ్యమంది.

అమలాపురంలో ఒక కాంపౌండరు తలకి కట్టు కట్టి, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళమని, ఊడిన చర్మాన్ని తడిగుడ్డలో చుట్టి, అరిటాకులో పెట్టి నా చేతికిచ్చాడు.

"ఇది పారెయ్యకండి. అక్కడ డాక్టరుగారు అడుగుతారండీ."

"ఆయ్," అన్నాను.

ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కణ్ణుంచి కోటిపల్లి రేవుకి పడవ. అక్క తల అమ్మ ఒళ్ళో ఉంది, పొట్లం నా ఒళ్ళో ఉంది. ఆకులోంచి జుట్టు బయటికి వేలాడుతూంటే పడవలో వాళ్ళు పక్కకి జరిగి కూర్చున్నారు. అంతకు ముందు ఏడు అక్కకు విషజ్వరం వస్తే, బతికితే తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ చిన్నతిరుపతి వెంకన్నకు మొక్కుకుంది. ఊడ్పులనీ, కోతలనీ ఆ మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. మోకాళ్ళ దాకా ఉన్న జుట్టు ఇవ్వడానికి అక్కకే మనసొప్పలేదు.

"స్వామి తనది తాను తీసుకున్నాడురా. ఇంకా మన దగ్గరుంచుకుంటే దీని ప్రాణం కూడా అడుగుతాడు. గోదాట్లో కలిపెయ్," అంది అమ్మ.

కాంపౌండరు మాట నాకు బాగానే గుర్తుంది. అమ్మకు చెప్పలేదు. స్వామి అంటే నాకూ భయమే. దానికి తోడు, ఆ పొట్లాన్ని నా ఒళ్ళోంచి ఎప్పుడు దించుకుందామా అని ఉంది. నడిగోదావరిలో వదిలాను. జుట్టు నీళ్ళ మీద విచ్చుకుని కాసేపు పడవ వెంటే వచ్చింది.

రామచంద్రపురం మీదుగా పట్నం ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. డాక్టరుగారు కట్టు విప్పి చూసి, ఊడిన చర్మం ఏదని అడిగారు. మొక్కు ఉందండీ, గోదావరిలో కలిపామండీ అన్నాను. ఆయన కోప్పడలేదు. అది ఉంటే జుట్టు గొరిగి, లోపలి కొవ్వు గీకేసి, తిరిగి వేసి చూసేవాణ్ణనీ, నిలుస్తుందని మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పారు.

ఆ తరవాత ఆరు నెలలు అక్కడే. ఉత్త ఎముక మీద చర్మం అతకదట. అలా వదిలేస్తే ఎముకే ఎండి చచ్చిపోతుందట. అందుకని మత్తు ఇచ్చి, పుర్రె పైపొరకి సన్నటి బెజ్జాలు వరసగా తొలిచారు. వాటిలోంచి ఎర్రటి కండ వారాల తరబడి మెల్లగా పైకి వచ్చింది. అది పరుచుకున్నాక అక్క తొడ నుంచి పల్చగా చర్మం తీసి, పోస్టు స్టాంపులంత ముక్కలు చేసి, నారు నాటినట్టు ఒక్కొక్కటే అతికించారు. కొన్ని అంటుకున్నాయి. కొన్ని చీముపట్టి కట్టుతో పాటే లేచి వచ్చాయి. మళ్ళీ తొడ, ఆ తరవాత రెండో తొడ. కట్టు మార్చే పొద్దుటిపూట అక్క మంచంపట్టీని గట్టిగా పట్టుకునేది. అరిచేది కాదు, గోళ్ళు విరిగేవి.

నా తొడ చర్మమే ఇచ్చానని ఊళ్ళో చెప్పుకున్నాను. పంచె ఎత్తి మచ్చ చూపించేవాణ్ణి. అది కొబ్బరిచెట్టు మీంచి జారినప్పుడు గీసుకున్నది. ఇస్తానన్న మాట నిజమే. ఒకరి చర్మం ఇంకొకరికి నాలుగు రోజులే నిలుస్తుంది, తరవాత రాలిపోతుంది, వద్దన్నారు డాక్టరుగారు. అమ్మయ్య అనుకున్నాను. నా గొప్పలు విని అక్క నవ్వేది.

"మావాడి తోలు మరీ మందమండీ. కత్తి దిగదని మానేశారు," అనేది.

ఇంటికొచ్చాక కూడా నడినెత్తిన రూపాయిబిళ్ళంత చోటు మూసుకోలేదు. రోజూ పొద్దున్నే ఉప్పునీళ్ళతో కడిగి నేనే కట్టు కట్టేవాణ్ణి. నాలుగేళ్ళు కట్టాను, ఇందులో అతిశయోక్తి లేదు. కన్నకొడుకైనా ఇంత చెయ్యడని అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట వినలేకపోయాను. అమ్మ పోయిన ఏడాది, ఒక పొద్దున కట్టు విప్పుతూ అంతా చెప్పేశాను.

అక్క వంచిన తల ఎత్తలేదు.

"ఆ కాంపౌండరు నీకు ముందే చెప్పాడా?"

"చెప్పాడక్కా."

"ఉంటే అతికేదంటావా?"

"తెలీదు."



"కట్టెయ్యి. గాలికి మండుతోంది," అంది.

మర్నాడు ఉప్పునీళ్ళు కాచి పెరట్లోకి తీసుకెళితే, పక్కింటి కోడలి చేత అప్పటికే కట్టు కట్టించుకుని కూర్చుంది. నీకు చేలో పనులుంటాయి కదరా అంది. బతికినన్నాళ్ళూ నాతో మామూలుగానే మాట్లాడింది, అడగకుండానే అన్నం వడ్డించింది. ఆ పుండు మాత్రం నన్ను మరి చూడనివ్వలేదు.