మోకు కట్టించుకుని గెంతిన లోవరాజు

గోదావరికి ఆనకట్ట లేచాక, ఆత్రేయపురం పొలాల్లో కాలువ తవ్వే రోజుల్లో, లోవరాజు పనిలోకి దిగే తీరు చూడ్డానికే జనం పోగయ్యేవారు. పోగవరూ మరి? నడుముకు మోకు బిగించుకుని, డప్పు మోగుతుంటే, గోతి అంచున ఎగిరెగిరి గెంతేవాడు! అంచు కదలకపోతేనే కూలీలు లోపలికి దిగాలి. కదిలిందా, ఆ గోడను మెట్లుమెట్లుగా వెనక్కి చెక్కాలి. తవ్విన మట్టిని కూడా అంచున పోయనిచ్చేవాడు కాదు, దూరంగా మోయించేవాడు.

చేపల వల వదిలి లోవరాజుతోపాటే పలుగు పట్టిన అతని అన్న, నిటారుగా తవ్విన గోతిలో మట్టి విరిగిపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ భయం లోవరాజు కడుపులోంచి పోలేదు. పైకి మాత్రం గెంతులే.

ఒక పొద్దున అతను మంచి ఊపులో ఉండగా, పిల్లనిస్తానన్న జీవరాజు, కూతురు మరిడమ్మతో సహా వచ్చాడు. గోదావరిలో వల వేసుకునే మనిషి, కాలువ పని ఎరగడు. కాబోయే అల్లుడికి తాడు కట్టారు, కొస నలుగురు పట్టుకున్నారు, పక్కన డప్పు! జీవరాజు గుండె జారిపోయింది.

"ఓరి నాయనో! పిచ్చోడికా పిల్లనిత్తానన్నాను? పదవే ఇంటికి!"

మరిడమ్మంటే లోవరాజుకు ప్రాణం. గెంతు ఆపితే పరీక్ష సగంలో ఆగుతుంది, ఆపకపోతే పెళ్లి ఆగుతుంది. గాల్లోంచే అరిచాడు.

"మావా, ఆగండి! పిచ్చి కాదండి, పనండి!"

"ఏ పిచ్చోడు ఒప్పుకున్నాడ్రా పిచ్చని?"

కూలీలు పగలబడి నవ్వారు. నవ్వులో పట్టు సడలింది. సరిగ్గా అప్పుడే అంచు ఫెళ్లున విరిగింది. లోవరాజు మాయం! మోకు వాళ్ల చేతుల్లోంచి జర్రున జారిపోతుంటే, జీవరాజు ఒక్క ఉరుకున అందుకుని, కాళ్లు తన్నిపట్టి, నిండు వల లాగినట్టు లాగాడు. బురద ముద్దలా పైకొచ్చాడు అల్లుడు.

జీవరాజు గోతిలోకి తొంగి చూశాడు. మట్టి కుప్పపడి ఉంది.

"దీని కింద మనుసులుంటే..."

"ఉండకూడదనేనండి మావా, ఈ గెంతులు."

"మరి నీ పేణం ఈ నవ్వులరాయుళ్ల చేతుల్లో పెడతావేంట్రా?"

మరిడమ్మ తండ్రి చేతిలోంచి మోకు కొస తీసుకుని తన చేతికి చుట్టుకుంది.

"రేపట్నించి నేను పట్టుకుంటాను నాన్నా."

పెళ్లయ్యాక ఆమె ఆ కొస ఎవరికీ ఇవ్వలేదు. లోవరాజు మునుపటికంటే ఎత్తుకు ఎగిరేవాడు. కడుపులో భయం ఏనాడు పోయిందో అతనికే తెలియలేదు.