ముట్టుకునే ముందు సుద్దగీత

నిన్న కిటికీ బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి చెక్క మీద సుద్దతో గీత గీశాడు. ఆ గరగర వినగానే నా ఎడమ కాలు ఉలిక్కిపడింది. పదమూడేళ్ల వయసులో, రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ మలుపులో, ఒక కారు నా సైకిలును గుద్దినప్పుడు రోడ్డు మీద పడి విన్న చప్పుడు అదే. నా కాలికి తువ్వాలు కట్టి, ఆటో కోసం మనిషిని పంపి, మా పక్క క్వార్టరు సింహాచలం మావయ్య సైకిలు చుట్టూ సుద్దతో గీస్తున్నాడు. "పిల్లని ఎత్తండి. సైకిలు మాత్రం ఎవుడూ ముట్టుకోవద్దు!" అని కేకేశాడు.

మావయ్య రైలు వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో తనిఖీ చేసేవాడు. దెబ్బతిన్న వ్యాగన్ మీద అతను సుద్దతో గుర్తు పెట్టి, జేబులోని పుస్తకంలో రాసుకున్నాకే ఫిట్టర్లు చేయి వేయాలి. ఆ రోజు నా సైకిలు గురించి కూడా అలవాటుగా రాసుకున్నాడు. మా నాన్న ఫిట్టరు. వంకర చూస్తే ఊరుకోలేని మనిషి. పోలీసులు సైకిలు తిరిగిచ్చిన రోజే వెనక చక్రం సరిచేసి, మడ్గార్డు సాగగొట్టి, నల్లరంగు వేసేశాడు.

మావయ్య చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఏటి బావా ఇది? సాచ్చికాన్ని సుత్తితో కొట్టీసినావు!"

"ఒంకర సైకిలు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పడతాదేటి?" అన్నాడు నాన్న.

నేను ఉన్నట్టుండి కారుకు అడ్డం తిరిగానని పోలీసు కాగితంలో రాసి ఉంది. కాదని చూపించడానికి ఉన్నది ఆ వంకరే. తప్పు నాదని కోర్టులో తేలితే కారు యజమాని మాకు నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. అంతకంటే నన్ను భయపెట్టింది నానమ్మ మాట: "కోర్టు కూడా తప్పు దీనిదే అంటే, ఇంక సైకిలూ లేదు, అంత దూరం దేవేంద్ర నగర్ స్కూలూ లేదు."

కోర్టుకు వెళ్లే ముందు మా వకీలు మావయ్యను పక్కకు పిలిచాడు. కారు నడిపింది డ్రైవరు కాదు, యజమాని కొడుకేనని, కళ్లారా చూశానని చెప్పమన్నాడు. మావయ్య జేబు తడిమి పుస్తకం ఉందో లేదో చూసుకున్నాడు. మావయ్య బోనెక్కాక అవతలి వకీలు హిందీలో అడిగాడు: "కారు ఎవరు నడిపారు?"

"చూడలేదు సాబ్."

"గుద్దడం చూశారా?"

"చూడలేదు సాబ్. చక్రం చూశాను."

మా వకీలు తల దించుకున్నాడు. మావయ్య పుస్తకం తీసి ఇచ్చాడు. ఆ పేజీలో పైన కొన్ని వ్యాగన్ నంబర్లు, కింద మరికొన్ని, మధ్యలో నా సైకిలు: వెనక చక్రం వెనక నుంచి నొక్కుకుపోయింది, మడ్గార్డుకు కారు తెల్లరంగు అంటింది, ముందు చక్రం తిన్నగా ఉంది. నేను అడ్డం తిరిగి ఉంటే దెబ్బ పక్క నుంచి తగిలేది. పేజీ అడుగున మర్నాటి ఉదయం కార్ఖానా అధికారి పెట్టిన సంతకం. తర్వాత ఇరికించి రాశాడనడానికి వీల్లేదు. చూడనిది చూడలేదన్నవాడు కాబట్టే చూశానన్నది జడ్జిగారు నమ్మారని నాకు తర్వాత అర్థమైంది.

సైకిలు నడిపిన బాలిక తప్పు ఏమీ లేదని తీర్పు చదివినప్పుడు నాన్న వరండా మెట్ల మీద కూలబడి, మూతికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మావయ్య అతని భుజం తట్టి, "పద బావా. ఈసారి గుద్దితే మాత్రం నివ్వు సుత్తి నాకిచ్చీసి ఊరెల్లిపోవాల" అన్నాడు. మర్నాడు నేను స్కూలుకు సైకిలు మీదే వెళ్లాను. మలుపు దగ్గర కూడా దిగలేదు.

తర్వాత ముప్పై ఏళ్లు పత్రికలో ప్రమాదాల వార్తలు రాశాను. ఎవరిది తప్పు అని ఎవరినీ ముందు అడగలేదు. మీరేం చూశారు అనే అడిగాను. చూడనిది రాయలేదు.

తీర్పులో డ్రైవరుగా ఉన్నది యజమాని దగ్గర పనిచేసే నడివయసు మనిషి పేరు. కారు దిగింది మీసాలు కూడా రాని కుర్రాడని మలుపులోని టీ కొట్టతను అనేవాడు, కోర్టుకు మాత్రం రాలేదు. కారు నా వెనక నుంచి వచ్చింది. నేను చూడలేదు.