తక్ మన్‌సు గారికి గది తప్పింది

తక్ మన్‌సు గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. చావు పరామర్శకి వెళ్తే గది తప్పుతారు. ఒకసారా, రెండుసార్లా? జిల్లా కౌన్సిల్ సభ్యుడిగా ఉన్నప్పుడు తప్పారు, జిల్లా అధ్యక్షుడయ్యాక తప్పారు, జాతీయ అసెంబ్లీకి వెళ్ళాక కూడా మానలేదు. ఆయన వెనకాల పరిగెత్తి, "క్షమించండి, మా సారు గది పొరబడ్డారు" అని వంగి వంగి దణ్ణాలు పెట్టడమే ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం. కార్డు మీద మాత్రం "ఓక్ బ్యోంగ్‌తే, రాజకీయ వ్యూహకర్త" అని బంగారు అక్షరాలతో వేయించుకున్నాను. వ్యూహం లేకపోయినా అక్షరాలు బాగా మెరుస్తాయి.

మా సోహ్వా జిల్లాలో రాజకీయమంటే సగం చావులే. పెళ్ళికి రాని నాయకుణ్ణి జనం క్షమిస్తారు. చావుకి రానివాణ్ణి గురించి మనవలకి కూడా చెప్పి మరీ పోతారు. పదవిలో ఉన్నవాడు చావింట్లో డబ్బు కవరు ఇవ్వకూడదని చట్టం. ఇక ఇవ్వగలిగినవి రెండే: తన ముఖం, పరామర్శ జరిగే మూడు రోజులూ గదిలో నిలబడి ఉండే తన పేరు రాసిన సంతాప జెండా. ఆస్పత్రి కింది అంతస్తులో వరసగా ఆరు సంతాప గదులుంటాయి. ఒక్కో గదిలో ఒక్కో ఇంటి దుఃఖం, ఒక్కో గుమ్మం ముందు విడిచిన బూట్లు. జెండా మోసేది నేను, ముఖం మోసేది ఆయన. జెండా ఒకటో గదికి సరిగ్గా చేరేది. ముఖం ఐదో గదిలో తేలేది.

అసలు నేనాయన దగ్గర చేరిందే ఆ జబ్బు పుణ్యాన. మా నాన్న పోయినప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. పనీ పాటా లేదు. ఆ రోజు మా గదిలో జనం కాస్త పలచగా ఉన్నారులెండి. బయట వాన. అప్పుడు బొద్దుగా ఉన్న ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చి, నాన్న ఫోటోకి రెండు సాష్టాంగాలు, నాకు ఒకటీ పెట్టి, గద్గద స్వరంతో అన్నాడు.

"పాలసంఘానికి ఆయన చేసిన సేవ మరువలేం బాబూ!"

"మా నాన్న తాళాలు బాగుచేసేవాడండీ. పాలసంఘం వాళ్ళది రెండో గది."

"అయ్యయ్యో! గది తప్పానా!"

నాలిక్కరుచుకున్నాడు. మరి లేచి వెళ్ళాలా, వద్దా? చక్కగా బాసిపట్టు వేసుక్కూర్చున్నాడు. పరామర్శకి వచ్చినవాళ్ళకి పెట్టే ఎర్ర పులుసు మూడు గిన్నెలు లాగించాడు. నాన్న ఎలాంటి తాళాలు తీసేవాడు, ఏ తాళం దగ్గర ఓడిపోయాడు, అన్నీ గంటసేపు అడిగాడు. పోతూ పోతూ నా బూట్లు వేసుకుపోయాడు. వాటికోసం మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళి, బూట్లతో పాటు ఉద్యోగం కూడా తెచ్చుకున్నాను.

ఆ జబ్బు కుదర్చడానికి నేను చెయ్యని వైద్యం లేదు. గదుల పటం గీసిచ్చాను. అరచేతిలో గది నంబరు రాశాను. రైతుసంఘం పెద్ద పోయినప్పుడు, సారు జిల్లా అధ్యక్షుడు కదా అని, ఇంత లావు అక్షరంతో "మూడు" అని రాసి పంపించాను. తీరా చూస్తే ఆరో గదిలో, నడుముకి గుడ్డ చుట్టుకుని, ఎవరో విధవరాలికి గిన్నెలు అందిస్తున్నారు.

"సార్! చెయ్యి చూసుకోండి!"

"చెమటకి చెరిగిపోయిందయ్యా ఓక్."

"ఎక్కడ చెరిగింది? నిక్షేపంలా ఉంది!"

"అయితే నా కళ్ళు చెరిగాయేమో. ముందు కూర్చో, పులుసు తాగు."

సారు వాళ్ళావిడతో మొరపెట్టుకుంటే ఆవిడ నా మీదే విరుచుకుపడింది. "ఆ పులుసంటే ఇంట్లో వాసన కూడా పడదు ఆయనకి. బయట మూడు గిన్నెలు తాగనిస్తావా? నువ్వుండి ఏం లాభం?" నా వ్యూహాల గురించి ఆ ఇంట్లో అందరికీ అదే అభిప్రాయం. అయినా ప్రతి ఎన్నికలోనూ ఆయనే గెలిచేవారు. ఆ గెలుపంతా నా బుర్ర చలవేనని నేను మీసం దువ్వుకునేవాణ్ణి. నాకు మీసం లేదనుకోండి.

ఇంతలో అసలు గండం వచ్చింది. జిల్లా అధ్యక్షుడిగా ఆయనకి మూడు దఫాలూ అయిపోయాయి. నాలుగోసారి నిలబడటానికి చట్టం ఒప్పుకోదు. ఇక జాతీయ అసెంబ్లీ టికెట్టయినా రావాలి, లేదా ఇంటికి పోయి మిరపతోట చూసుకోవాలి. టికెట్లు పంచేది పార్టీ పెద్దాయన సన్‌వూ గారు. సరిగ్గా అప్పుడే ఆయన తల్లి సియోల్లో కాలం చేసింది. మా టికెట్టుకి పోటీపడుతున్న ఇద్దరూ అప్పటికే రైలెక్కేశారని తెలిసింది. నేనేమో సియోల్లో అద్దె గది కూడా చూసిపెట్టుకున్నాను.

దారి పొడుగునా చెప్తూనే ఉన్నాను. "సార్, ఒకటో గది. పూలదండలు ఎక్కడ ఎక్కువుంటే అదే. పెద్దాయన కళ్ళలో పడాలి. మీ రాజకీయ జీవితం, నా అద్దె గది, రెండూ మీ కాళ్ళ మీదే ఉన్నాయి."

"ఒకటో గది. అర్థమైంది."

ఆ పెద్దాస్పత్రిలో తొమ్మిది సంతాప గదులు. ఒకటో గది గుమ్మం దాకా రెక్క పట్టుకుని తీసుకెళ్ళాను. లోపల ఇసకేస్తే రాలని జనం. సందు చేసుకుని దూరి, జెండాని సరిగ్గా ఆ తల్లి ఫోటో పక్కన నిలబెట్టి వెనక్కి తిరిగాను. సారు లేరు! రెండు, మూడు, నాలుగు... ఒక్కో గదీ వెతుక్కుంటూ పోతే, చిట్టచివర తొమ్మిదో గదిలో ఉన్నారు. ఒక ముసలమ్మా, ఒక ఫోటో, మా సారూ. అంతే. ఆయన టై మీద ఎర్ర పులుసు మరక.

"ఈయన చెత్తబండి తోలేవాడట ఓక్. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదట!" అన్నారు సంబరంగా.

"సార్, ఈ పెద్దమ్మకి మన జిల్లాలో ఓటు కూడా లేదు!" అన్నాను. ఆవిడ ముందే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"గుమ్మం ముందు ఎన్ని జతల బూట్లున్నాయో చూశావా?"

"నేను చూడాల్సింది టికెట్ సార్, బూట్లు కాదు!"

మేం ఒకటో గదికి వెళ్ళేసరికి పెద్దాయన విశ్రాంతికి వెళ్ళిపోయారు. ఇంకేముంది, మిరపతోటే అనుకున్నాను.

వారం తర్వాత పెద్దాయన దగ్గర్నుంచి ఫోను. సారు స్పీకర్లో పెట్టారు.

"తక్, నిన్ను మర్చిపోలేనయ్యా. వచ్చినవాళ్ళంతా ఐదు నిమిషాల్లో జారుకున్నారు. నువ్వొక్కడివే మా అమ్మ పక్కన మూడు రోజులూ నిలబడ్డావు. ఎప్పుడు తలెత్తినా నువ్వే!"

నేను రెండు చేతులూ జోడించాను. సార్, నోరెత్తకండి. మీకు పుణ్యముంటుంది.

"అయ్యా, అది నేను కాదు. నా జెండా."

నా అద్దె గది కళ్ళముందే కూలిపోయింది. అంతలో పెద్దాయన పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

"అమ్మ పోయాక ఇదే మొదటిసారి నవ్వడం! ఏం చమత్కారమయ్యా! వెళ్ళు, నామినేషన్ వేసుకో."

"చమత్కారం కాదండీ, నేను తొమ్మిదో గదిలో..."

ఫోను కట్ చేసింది నేనే. ఇరవై రెండేళ్ళలో నేను పన్నిన ఒకే ఒక్క వ్యూహం అది.

గెలిచాం. మొన్న తోటి సభ్యుడి మామగారు పోతే మళ్ళీ జెండా మోశాను, మళ్ళీ సారు మాయం. అలవాటుగా గది నంబర్లు చూసుకుంటూ పోతున్నవాణ్ణి, ఎందుకో ఈసారి కిందికి చూశాను. ఒక గుమ్మం ముందు అరవై జతలు. ఇంకోదాని ముందు నలభై. చివరి గుమ్మం ముందు ఒకే ఒక్క జత, దాని పక్కన మా సారు వెడల్పాటి బూట్లు.

అక్కడే నిలబడిపోయాను. మా నాన్న గది ముందు కూడా అలాగే ఒక్క జతే ఉండేది. నాదే. పొద్దున్నుంచీ దాన్నే సర్ది సర్ది పెట్టాను. ఆ రోజు వాన పడలేదండీ. ఎండ మండిపోయింది. నాన్న బంధువులందరితోనూ తగువు పెట్టుకున్నాడు. నాకా, స్నేహితులు లేరు. ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళూ వాన మీదకి తోసేశాను.

లోపలికెళ్ళి ఫోటోకి రెండు సాష్టాంగాలు, ఇంటావిడకి ఒకటి పెట్టి, సారు ఎదురుగా కూర్చున్నాను.

"సార్, మా నాన్నప్పుడు మీరు గది తప్పలేదు కదూ?"

ఆయన గిన్నెలోకి చూస్తూ అన్నారు. "పాలసంఘం వాళ్ళకి నా జతొకటి తక్కువైతే ఏమయిందయ్యా?"

"మరి మూడు గిన్నెలు? మీకు ఆ పులుసు పడదుగా?"

"వండించిన కుండ నిండుగా అలాగే వెనక్కి పోతే, నువ్వు చూస్తూ కూర్చోవాలి కదా."

నా కళ్ళు నిండిపోయాయి. ఈ పులుసులో కారం ఎక్కువని గట్టిగా పైకే అన్నాను.

"నా బూట్లు కూడా కావాలనే వేసుకెళ్ళారా? నాకు ఉద్యోగం ఇద్దామని?"

"ఛఛ! అది మాత్రం నిజంగా పొరపాటే," అన్నారు సిగ్గుపడుతూ. "తాగు తాగు. కుండలో ఇంకా చాలా ఉంది."

మూడు గిన్నెలు తాగాను. బయటికొచ్చేసరికి సారు ముందే కారెక్కి కూర్చున్నారు. గుమ్మం ముందు నా బూట్లు లేవు. ఆయనవే వేసుకుని నడిచాను. కాస్త వదులుగా ఉన్నాయి.