కవరింటి మిరపతోట

నిన్న పొద్దున ప్రొద్దుటూరులో మా వీధి చివరి కూరగాయల అంగట్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ బుంగమిరపకాయలు మూడింటిని కలిపి పల్చటి కవరులో చుట్టి పెట్టారు. ఒక పొట్లం చేతిలోకి తీసుకున్నాను. అంగడాయన నన్ను చాలాకాలంగా ఎరిగినవాడు, అవి మా పులివెందుల వైపు నుంచి వచ్చినవేనని చెప్పాడు. ఇంటికి తెచ్చి కవరు విప్పి పసుపు కాయను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి వాసన, దాని వెనకే ఎర్రమన్ను తడిసిన వాసన. అంగట్లో రెండురోజులు పడి ఉన్న కాయకు మన్నువాసన ఎక్కడిది, నా భ్రమ కాకపోతే. కూర చేద్దామని తెచ్చిన కాయలు సాయంత్రం దాకా బల్లమీదే ఉండిపోయాయి.

మా పుట్టింటి వాళ్లది పులివెందులకు దగ్గర్లోని పల్లె. అన్నకు అక్కడ చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. బోరులో నీళ్లు అడుగంటి చెట్లు ఒక్కొక్కటే కొమ్మ చివర్నుంచి ఎండుకుంటూ వస్తున్న రోజుల్లో, వదిన బెంగుళూరు పక్కన బంధువుల ఊరికి వెళ్లి పాలీహౌసులో బుంగమిరప పండించడం చూసి వచ్చింది. వదిన జమ్మలమడుగు పిల్ల. ఏదైనా ఒకటి మనసులో పడితే అరవదు, అలగదు, రోజూ అన్నం వడ్డిస్తూ ఆ మాటే నిదానంగా చెబుతుంది. కొద్ది నీళ్లతో, చలికాలం పొడుగునా కాపు తీసుకోవచ్చని ఆమె అన్ని పూటలూ చెప్పగా చెప్పగా అన్నకు భోజనం మీద భయం పుట్టి ఒప్పుకున్నాడని మేము నవ్వుకునేవాళ్లం. ఎండిన చీనీ చెట్లు కొట్టించిన చోట ఇనుప పైపులు లేచాయి, వాటిమీద పాలరంగు ప్లాస్టిక్ పట్ట పరుచుకుంది. ఊళ్లోవాళ్లు దానికి కవరిల్లు అని పేరు పెట్టారు.

ఆ చలికాలం నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. బయట చల్లగాలి చెవులు కొరుకుతుంటే లోపల వెచ్చగా, పసిబిడ్డకు నీళ్లు పోసిన గదిలా ఉండేది. ఒక్కో చెట్టుకు రెండు కొమ్మలే ఉంచి, వాటిని దారాలతో పైన తీగకు కట్టేవాళ్లు. వాటిని చూడవచ్చిన ఒక పెద్దాయన, 'చెట్లకు ఉయ్యాల కట్టిండారే' అని ఆశ్చర్యపోయాడు. అసలు కష్టం కాయ రుచి దగ్గర వచ్చింది. మా వైపు మిరపకాయ అంటే కళ్లలో నీళ్లు తిరగాలి. మా అమ్మ మొదటి కాయను కొరికి చాలాసేపు నమిలి, దీనికి జబ్బేదో చేసిందని తేల్చింది. తర్వాత దాన్ని కూర చేసి, మిరప్పొడి రెండింతలు వేసి, ఇప్పుడు మిరపకాయలాగుందని తృప్తిపడింది.

ఆ తోటకు వదిన తర్వాత అంతటి మనిషి మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, చిన్నాన్న కొడుకు. మాకు వేరే తమ్ముడు లేనందువల్ల ఆ తేడా ఎప్పుడూ గుర్తుకు రాలేదు. కవరిల్లు పక్కనే అతని చేను, ఏటా శనగ వేసేవాడు. అన్న పులివెందులలో మోటార్లు బాగుచేసే అంగడి చూసుకుని చీకటిపడ్డాక వచ్చేవాడు. అందుకని పొద్దుగూకే వేళకు తమ్ముడే వచ్చి పగలు గాలి కోసం పైకి చుట్టిన తెరను ఒక పక్క దించేవాడు, ఇంకో పక్క వదిన దించేది. చలి లోపలికి పోతే పూత రాలుతుంది. దారాలు కట్టడమూ అతనే. పెద్ద చేతులు, కానీ ముడి మాత్రం పూలు కట్టేవాళ్లలా సుతారంగా వేసేవాడు. ఒకసారి వానకు కవరింటి పైనీళ్లన్నీ తన చేన్లోకి పారి శనగ మునిగితే, అన్నతో కాస్త గట్టిగానే మాట్లాడాడు. అన్న కాలువ తీయిస్తానని తీయించలేదు. అంతకుమించి వాళ్లిద్దరి మధ్య ఏమీ లేదు.

రెండో చలికాలం, కాయలు రంగు తిరుగుతున్న సమయంలో తుపాను గాలి పట్టుకుంది. తెల్లారి చూస్తే పైకప్పు పట్ట ఈ చివర నుంచి ఆ చివరకు చీలిపోయి ఉంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. చీలిక తాడు పట్టి గీసినట్టు నేరుగా ఉండటమే మా కొంప ముంచింది. అన్న దానికింద నిలబడి తలెత్తి చాలాసేపు చూశాడు.

'గాలికి చినిగింటే వంకరటింకరగా చినుగుతాది. ఇది కోసిండారు' అన్నాడు.

వదిన అప్పటికే అతుకు వేసే టేపు తెచ్చి నిచ్చెన కోసం చూస్తోంది. అన్న ముట్టుకోనివ్వలేదు. పెద్దమనుషులు చూసేదాకా ఎట్లున్నది అట్లే ఉండాలన్నాడు. వాళ్లు వచ్చారు, తమ్ముణ్ని పిలిపించారు. నీళ్ల గొడవ అందరికీ తెలిసిందే గనుక ఎవరూ పేరు పెట్టి చెప్పాల్సిన పని లేకపోయింది. అతను చీలికవైపు చూడలేదు, అన్న ముఖంలోకే చూశాడు.

'ఈ చెట్లకు దారాలు కట్టింది నేను. కట్టిన చేత్తో కోస్తానా అన్నా?'

అన్న మళ్లీ చీలికవైపే తలెత్తాడు. బ్రహ్మంగారిమఠంలో ప్రమాణం చేయాలని పెద్దమనుషులు అన్నారు. తమ్ముడు వాళ్లతో పోయి, తలస్నానం చేసి, తడిబట్టలతోనే ప్రమాణం చేసి వచ్చాడు. అప్పటికైనా అన్న ఒక మాట అనుంటే సరిపోయేది. ప్రమాణాలు ఎవరైనా చేస్తారని ఇంట్లో అన్నాడు. పల్లెల్లో గోడలకు అవతల కూడా చెవులుంటాయి కదా, ఆ మాట పొద్దుగూకేలోపే చిన్నాన్న ఇంటికి చేరింది.

ఇదంతా తేలేసరికి కవరింట్లోకి మంచు దిగింది, పూత రాలింది, ఆకులకు ముడత వచ్చింది. సాయంత్రాలు వదిన ఒక పక్క తెర దించి, చుట్టూ నడిచి వెళ్లి ఇంకో పక్కది దించేది. ఆమె ఒక్కతే అలా నడవడం నేను చూశాను. ఆ ఎండాకాలంలోనే తమ్ముడు చేను గుత్తకిచ్చి, చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనికి కుదిరి, పెళ్లాం పిల్లలతో అక్కడికే వెళ్లిపోయాడు. వెళ్లేముందు మా అమ్మకు కాళ్లు మొక్కాడు. అన్న ఇంట్లో లేని వేళ చూసి వచ్చాడు.

టేపుతో అతికించి నెట్టుకొచ్చిన ఆ పట్ట కొన్నేళ్లకు పాతబడి మార్చాల్సి వచ్చింది. పాతదాన్ని దించుతూ అన్నే గమనించాడు. పైపుకు ఆనుకుని ఉన్నచోటల్లా పట్ట గోధుమరంగుకు తిరిగి అప్పడంలా పెళుసెక్కింది. ఎండకు ఇనుము కాలీ కాలీ దాన్ని తినేసింది. వేలితో నొక్కితే చాలు, పైపు ఎంత నేరుగా ఉందో అంత నేరుగా చీలుతోంది. అన్న ఒకచోట నొక్కాడు, ఇంకోచోట నొక్కాడు. తర్వాత ఆ పట్టమీదే కూర్చుండిపోయాడని వదిన నాకు చెప్పింది.

'పోయి చెప్పు. ఈ పొద్దే పో' అందట వదిన.

'చెప్తాలే, నాట్లు కానీ' అన్నాడట.

నాట్లయ్యాయి. కాపు వచ్చింది, అయిపోయింది. మళ్లీ నాట్లయ్యాయి. వదిన మాత్రం ప్రతి చలికాలం ఒక గంపెడు కాయలు తీసుకుని చిలమకూరుకు పోయి వచ్చేది. తన నోటితో జరిగింది చెప్పింది కూడా. తమ్ముడు అంతా విని, 'నువ్వెప్పుడు అనుమానించినావు వదినా, నువ్వు చెప్పేదానికి?' అన్నాడట.

జమ్మలమడుగులో ఒక పెళ్లిలో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చోవాల్సి వచ్చింది. వదిన ఏర్పాటే అయ్యుంటుంది. నేను వెనక వరుసలో ఉన్నాను. మేళం నడుమ ఆగినప్పుడు అన్న గొంతు సవరించుకున్నాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇప్పుడంటాడు అనుకున్నాను.

'ఈసారి శనగ యేసినావా?' అన్నాడు.

తమ్ముడు కొంచెంసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. 'నేనిప్పుడు సేద్యం యాడ చేస్తాండానన్నా' అన్నాడు మెల్లగా. మేళం మళ్లీ మొదలైంది.

ఇప్పుడు అన్నకు మోకాళ్లు పట్టేశాయి, కవరిల్లు ఎవరికో గుత్తకిచ్చాడు. ఫోను చేసి తమ్ముడి మాట ఎత్తితే ఈ వానలు పోనీ పోయి వస్తానంటాడు, వానలు పోయాక ఎండలు తగ్గనీ అంటాడు. మా పల్లె నుంచి చిలమకూరుకు బస్సులో గంటన్నర దారి. ఆ గంటన్నర ఒక మనిషి జీవితంలో ఎక్కడా పట్టకుండా పోతుందని, ఇన్ని చలికాలాలు చూశాక గానీ నాకు అర్థం కాలేదు.