నూలుకు వాతం చేసిన వేసవి

1946 జూన్ 3, సోమవారం, ఉదయం తొమ్మిదింబావు. బెజవాడ నుంచి వచ్చిన రైలు దిగి, నూలు మూట భుజాన వేసుకుని, మంగళగిరిలో మా ఇంటి గుమ్మంలో అడుగుపెట్టిన మా ఆయన మంచినీళ్ళైనా అడగకుండా, "ఎవరి ఒంటి తత్వమేంటో తెలీకుండానే ఇన్నాళ్ళూ తింటున్నామే మనం!" అన్నారు. నేను అన్నం వార్చి అప్పటికి పది నిమిషాలయింది. నలుగురికీ ఒకే కుండలో వండడం ఆ వేసవికి అదే ఆఖరు.

నూలు షావుకారు కొట్టు అరుగు మీద ఆయనకు ఒక ఆయుర్వేద వైద్యుడు తటస్థపడ్డాడట. గంటసేపు మాట్లాడి, నాడి చూసి, పిత్త ప్రకృతి అని చెప్పి, వాతానికి, పిత్తానికి, కఫానికి ఏవేం పడతాయో కాగితం మీద రాసిచ్చాడు. మిగతావాళ్ళను కూడా ఒకసారి తీసుకురమ్మన్నాడట. ఆ మాట నాకు నెల తర్వాత తెలిసింది. వైద్యుడు చూసింది ఒక్క నాడి. మిగతా ఇద్దరినీ మా ఆయనే గడపలో నిలబడి తేల్చేశారు.

మా అత్తగారిది పొడి చర్మం, మోకాళ్ళు కలుక్కుమంటాయి, ఊరికే ఆందోళన పడతారు కనుక వాతం. మా మరిది మనిషి భారీ, పని నిదానం, మధ్యాహ్నం కునుకు తీస్తాడు కనుక కఫం.

"మరి నాది?" అన్నాను.

"దానికి తత్వమేంట్రా, వండేదానికి!" అన్నారు మా అత్తగారు. ఆయన కాగితం తిరగేసి చూసి, జేబులో పెట్టుకున్నారు.

మర్నాటి నుంచి అత్తగారికి నెయ్యి వేసి, గంజి వార్చకుండా మెత్తగా అత్తెసరు. ఆయనకు కారం, పులుపు లేని కూర, చల్లార్చిన గంజి. మరిదికి జొన్నన్నం, మిరియాల చారు. పెరుగు లేదు, పగటి నిద్ర లేదు. వీళ్ళందరికీ పెట్టాక మిగిలిందేదో నాకు. గంటంబావులో తెమిలే వంట మూడు గంటలకు పెరిగింది. మగ్గానికి రోజుకు ఇరవై నాలుగు నూలు కండెలు చుట్టేదాన్ని, పద్నాలుగుకు పడిపోయాను. సమతూకం అనే మాట రోజుకు పదిసార్లు వినేదాన్ని. ముగ్గురి సమతూకం కోసం ఒక మనిషి పొయ్యి దగ్గర మాడిపోతే అది ఏ తూకమో ఆ కాగితంలో రాయలేదు.

పైగా మా ఆయన గోంగూర పచ్చడి మానలేదు. "ఒక్క ముద్దేగా" అని కంచం జరిపేవారు. సాయంత్రానికి కడుపు మండితే, "నువ్వు ఆ జాడీ కనబడేలా ఎందుకు పెట్టావే?" అని నా మీద ఎగిరేవారు.

మరిది మాత్రం నవ్వుతూనే అన్నాడు: "వదినా, నెయ్యన్నం అమ్మకీ, జొన్నన్నం నాకూనా? ఈ కఫం ఒంట్లో ఉందో, అన్నయ్య జేబులో ఉందో కాస్త కనుక్కో."

అయినా ఒకటి ఒప్పుకోవాలి. వారం తిరిగేసరికి మా అత్తగారి మోకాళ్ళు నిజంగానే తేలికపడ్డాయి. ఆ ముక్క రాయకపోతే మిగతాది రాసే హక్కు నాకుండదు.

అసలు చిక్కు గంజి దగ్గర వచ్చింది. నేతపని ఇంట్లో అన్నం వార్చిన గంజి పారబోసేది కాదు, తాగేదీ కాదు. చీర నిడివికి పోసే పడుగు దారాలను వీధిలో బారుగా సాగదీసి, ఆ గంజి పట్టించి ఆరబెడితేనే మగ్గం మీద తెగకుండా నిలుస్తాయి. ఇప్పుడు అత్తెసరుకు గంజి రాదు, జొన్నలకు రాదు, ఆయన వాటా గంజి ఆయనే తాగేస్తున్నారు. గంజి కోసమని వేరే వండడానికి రేషను బియ్యం చాలవు.

ఆ పడుగు మామూలుది కాదు. నూలుకు కూడా కంట్రోలు రోజులు. నాలుగు చీరలకు సరిపడా, ముప్ఫై రెండు గజాలు. గడువులోగా ఆ నాలుగూ నేసి ఇస్తేనే మళ్ళీ నూలు అని షావుకారు ఖచ్చితంగా చెప్పాడు. మా ఇంట్లో మగ్గం ఒక్కటే. అన్నదమ్ములిద్దరూ పూటకొకరు కూర్చునేవారు. నూలు రాకపోతే ఇద్దరికీ పని లేదు.

జూన్ 12, బుధవారం తెల్లవారగానే పడుగు వీధిలోకి వచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ళు చేయి వేయడానికి వచ్చారు. కుండలో గంజి సగం కూడా లేదు, అదీ నీళ్ళలా ఉంది.

"ఏవండీ, ఇది చాలదు. రెండు రోజులాగి, అందరికీ ఒకే కుండ వండి గంజి పోగుచేస్తాను," అన్నాను.

"ఆగితే గడువు దాటుద్ది. నూలు సంగతి నువ్వు ఆలోచించావా? పొడిగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, గాలికి అల్లాడి తెగుతుంది. అచ్చం మా అమ్మ తత్వం. నూలుది వాతమే! వాతానికి నూనె మందు," అన్నారు.

గంజిలో నూనె వేయడం కొత్త కాదు. కుండకు చెంచాడు వేస్తాం, దారం జారుడుగా ఉండడానికి. మా అత్తగారు ఒంటికి రాసుకునే నువ్వుల నూనె ఆయన తెచ్చి గంజిలో సోలెడు పోశారు.

పక్కింటి పిన్నిగారు గంజి పట్టించే కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏరా అబ్బాయ్, పడుగుకి తలంటు పోస్తున్నావా? కుంకుడుకాయలు కూడా తేనా?"

వీధంతా నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. నలుగురిలో నవ్వులపాలైన మనిషి ఇక వెనక్కి తగ్గడని నాకు తెలుసు. చెంచాకూ సోలకూ తేడా ఆ వీధిలో అందరికంటే నాకు బాగా తెలుసు. కుండ లాక్కోవాల్సింది. "మీ ఇష్టం" అని ఊరుకున్నాను. అది నా తప్పు, నా పేరునే రాసుకుంటున్నాను.

నూనె మీద గంజి పట్టలేదు. దారాలకు నూగు లేచింది. తొమ్మిది గంటలకు వడగాలి మొదలై వీధి దుమ్మంతా ఆ జిడ్డుకు అంటుకుంది. శుక్రవారం మగ్గం మీదికెక్కించాక ఒక్క రోజులో ముప్ఫై ఏడు పోగులు తెగాయి. మామూలుగా పది మించవు. ఒక్కొక్కటీ అతికాను. ఎనిమిది రోజుల్లో నేత పదకొండు గజాలు సాగింది. మరుసటి శుక్రవారం సాయంత్రం మా ఆయన తనే కత్తెర తెచ్చి పడుగు కోసేశారు. ఆ రాత్రి గంజి అడగలేదు.

నేసిన ఒక్క చీరా షావుకారు తీసుకున్నాడు. "మరకలున్నా తీసుకుంటానండీ. కానీ నూలు పాడుచేసిన ఇంటికి మళ్ళీ ఇస్తే మిగతా మగ్గాలవాళ్ళు నన్ను నిలదీస్తారు," అన్నాడట. మరిది వారం చూసి, పై వీధిలో ఒకాయన మగ్గానికి కూలికి వెళ్ళాడు. ఆగస్టులో షావుకారు మెత్తబడి మాకు మళ్ళీ నూలిచ్చాక పిలిస్తే, "అక్కడ అందరికీ ఒకటే కుండ వదినా," అన్నాడు. మళ్ళీ మా మగ్గం మీద కూర్చోలేదు.

నేను ఒకే కుండలో వండడం మళ్ళీ మొదలుపెట్టాను. అత్తగారికి నెయ్యి మాత్రం విడిగా పెట్టాను.

పోయినవి: పడుగు ఇరవై ఒక్క గజాలు. మొదలుపెట్టి కోసేసిన రెండో చీర మూడు గజాలు. నువ్వుల నూనె ఒక సోల. మగ్గం ఆడని రోజులు, జూన్ 22 నుంచి ఆగస్టు 12 దాకా, యాభై రెండు. నేసే చేతులు రెండు జతల్లో ఒక జత.