గోల్ ఘర్ సందులో నాలుగు రోజులు

మా తమ్ముడు డైరీ ఫార్మ్ అనే పేటలోని మా ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది ట్రంకుపెట్టె దించాడు. అందులో దొరికిన ఫోటో ఒకటి నిన్న తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముందుగా ముక్కుకి తగిలింది బూజు వాసన. ఈ దీవుల వానకి ప్రతి కాగితమూ పట్టుకునే వాసన అది. ఆ తరువాత బొమ్మ కంటికి ఆనింది. తడిసిన రేకుల కప్పులు, చెక్క గోడలు, మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు సందు. గోల్ ఘర్‌లో మేము పుట్టి పెరిగిన సందు. ఇప్పుడక్కడ వెడల్పాటి రోడ్డు, దాని పక్కన మూడంతస్తుల దుకాణాలు. ఆ చోట నిలబెట్టి మా ఇల్లు ఎక్కడుండేదో చూపించమంటే నావల్ల కాదు. ఫోటోలో మాత్రం నాలుగో గుమ్మంలో తెల్లచీర కట్టుకున్న మనిషి సగం కనబడుతోంది. ముఖం చెరిగిపోయింది. అయినా గుమ్మానికి ఒక భుజం ఆనించి నిలబడిన ఆ తీరు నాకు తెలుసు. ఆవిడ సువార్తమ్మ గారు.

ఆవిడని అందరూ టీచరమ్మ అనేవారు గాని, ఏ బడిలోనూ టీచరు కాదు. పెళ్లయిన కొత్తలో కాకినాడ నుంచి భర్త వెంట ఓడెక్కి వచ్చారు. ఆయన రంపపు మిల్లులో పనిచేసేవాడు. ఆయన పోయాక కుట్టుమిషను పెట్టుకుని ఆ సందులోనే ఉండిపోయారు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన ముగించుకుని వచ్చి, మధ్యాహ్నం తన అరుగు మీద పిల్లలందరికీ అక్షరాలు నేర్పేవారు. వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లూ ఉండేవారు, మాలాగా గుడికి వెళ్లేవాళ్లూ ఉండేవారు. మా వాళ్లది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. నాన్న ఓడల మీద ఖలాసీ. నికోబార్ వైపు వెళితే మూడు నాలుగు వారాలు ఇంటి ముఖం చూసేవాడు కాదు. అమ్మకి చదువు రాదు. మాకు బడిలో హిందీ, వీధిలో హిందీ. తెలుగు మా నోట్లో ఉండేది గాని, రాసి చూపిస్తే ఏమిటో తెలిసేది కాదు.

నాకప్పుడు పదకొండేళ్లు. ఒత్తులు కుదరక విసుగొచ్చి ఒకరోజు పలక పక్కన పెట్టేశాను.

"ఇది నేర్చుకుంటే ఏం ఫాయిదా టీచరమ్మా? స్కూల్లో పరీక్ష కూడా లేదు."

"మీ అమ్మకి ఊర్నించి చిట్ఠీ వస్తే ఎవరు చదువుతారే?"

"మీరున్నారు కదా."

"నేను లేని రోజు?"

మళ్లీ పలక అందుకున్నాను. వానాకాలం ముగిసేసరికి క్యాలెండరు మీది అక్షరాలూ, సబ్బు కాగితం మీది అక్షరాలూ కూడబలుక్కుని చదవగలిగాను. అమ్మ ఆ సంగతి కొళాయి దగ్గర అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ లేని రోజు తొందరగానే వచ్చింది. చౌల్దారీ పల్లెలో ఉండే తన అక్కకి జబ్బు చేసిందని టీచరమ్మ అక్కడికి వెళ్లారు. అంతలో విశాఖపట్నం నుంచి ఓడొచ్చింది. మరునాడు పోస్టుమాన్ మా గుమ్మంలో ఉత్తరం వేసి వెళ్లాడు. అమ్మ కత్తిపీట ముందు చేపలు కోస్తోంది. చేతులు కడుక్కోకుండానే, "సదువు గుంటా. మామేటి రాసినాడో బేగి సదువు," అంది.

నేను మనసులో చదువుకున్నాను. మామయ్య చేతిరాత గొలుసుకట్టు కాదు, పెద్ద పెద్ద అక్షరాలు. అమ్మ పోయింది, పదకొండో రోజు కూడా అయిపోయింది, నువ్వు ఓడ దొరికి వచ్చినా ఆఖరి చూపుకి అందవని తంతి ఇవ్వలేదు, ఏమీ అనుకోకు చెల్లీ, అని ఉంది. తల ఎత్తాను. అమ్మ నవ్వుముఖంతో నావైపే చూస్తోంది. అమ్మమ్మ మోకాళ్లకని కాచిన నూనె సీసా పంపడానికి గూట్లో సిద్ధంగా ఉంది.

"అందరూ బాగున్నారట. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందట," అన్నాను.

"తగ్గిందటా?" అంది అమ్మ. ఆ రోజు కూర చేస్తూ పాడుకుంది. మర్నాడు తన అమ్మ లేచి నడుస్తోందట అని సందంతా చెప్పింది. నేను ఉత్తరాన్ని లెక్కల పుస్తకంలో దాచి, ఆ పుస్తకాన్ని పక్క కింద పెట్టుకున్నాను.

నాలుగో రోజు టీచరమ్మ బస్సు దిగి వచ్చారు. చేతిలోని సంచి కింద పెట్టకముందే వెళ్లి ఉత్తరం ఇచ్చాను. చదివారు. నేను అబద్ధం చెప్పానని చెప్పాను. తిడతారనుకున్నాను.

"నాలుగు రోజులూ ఒక్కదానివే మోశావా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆగేదాకా ఊరుకుని, "పద," అన్నారు.

"మీరు చదవండి టీచరమ్మా."

"నేను చదివితే నువ్వు చదివేది మీ అమ్మ ఇంకెప్పుడూ నమ్మదు. నువ్వే చదవాలి. నేను పక్కన కూర్చుంటాను."

అమ్మని చాప మీద కూర్చోబెట్టారు. నాకు ఇటువైపు ఆవిడ, అటువైపు అమ్మ. చదివాను. చదువుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి నా వీపు మీద ఉంది. అమ్మ ఏడవలేదు.

"మల్లీ సదువు," అంది. చదివాను. "మల్లీ," అంది. మూడోసారి అయ్యాక కాగితం మీదికి వంగి, "ఇందల అమ్మ అని ఎక్కడుంది?" అని అడిగింది. చూపించాను. ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి ఉంచింది. అప్పుడు ఏడ్చింది.

టీచరమ్మ ప్రార్థన చెయ్యలేదు, ఓదార్పు మాటలు చెప్పలేదు. మా ఆచారం ఆవిడకి తెలుసు. కొళాయి నుంచి బకెట్టుతో నీళ్లు మోసుకొచ్చి, పెరట్లో అమ్మని కూర్చోబెట్టి, చెంబుతో తల మీద పోశారు. తరువాత మా పొయ్యి వెలిగించి అన్నం వండారు.

కొన్నేళ్లకి రోడ్డు కోసం సందు పడగొట్టారు. మేము డైరీ ఫార్మ్‌కి మారాం. టీచరమ్మ చౌల్దారీలో అక్క దగ్గరికి వెళ్లిపోయారు. నేను నర్సు ఉద్యోగంలో చేరాను. కొత్త ఇంట్లో ఒక సాయంత్రం, ఎన్నడూ ఎత్తని ఆ ఉత్తరం సంగతి అమ్మే ఎత్తింది.

"నాకు నీ మీద కోపం లేదు గుంటా. ఆ నాలుగు రోజులూ మాయమ్మ నాకు బతికే ఉండీది."

అప్పటిదాకా దాన్ని నా తప్పుగానే దాచుకున్నాను. అమ్మ మాట విన్నాక ఏమనుకోవాలో తెలియలేదు. సెలవు చూసుకుని చౌల్దారీ వెళ్లాను. టీచరమ్మ పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. చూపు బాగా తగ్గింది. గొంతు విని గుర్తుపట్టారు. అమ్మ అన్న మాట చెప్పాను. పక్క పొలంలో ఎవరో హిందీలో ఎడ్లని అదిలిస్తున్నారు.

"అయితే అప్పుడు నేను ఇంకో రోజు ఆగి బస్సెక్కి ఉండాల్సింది," అన్నారు చివరికి.

ఆవిడని చూడటం అదే ఆఖరు. ఆసుపత్రిలో నా ఉద్యోగం ముప్ఫై ఏళ్లు సాగింది. ఎన్నో ఇళ్లవాళ్లకి చెప్పరాని కబురు చెప్పవలసి వచ్చింది. హిందీ వాళ్లకి హిందీలో, మనవాళ్లకి మన మాటలో, ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు. కాని వరండాలో వాళ్లు టీ తాగుతూ, ఇంటికెళ్లాక పేషెంటుకి ఏం వండిపెట్టాలో మాట్లాడుకుంటూ ఉంటే, ఆ గ్లాసులు ఖాళీ అయ్యేదాకా తలుపు దగ్గరే ఆగేదాన్ని.