జీపు వెనక బ్రేకు పైపు

అల్లం బస్తాలు పొలం నుంచి జహీరాబాద్‌కు తెచ్చుకోవడానికి సొంత బండి ఉండాలనిపించింది. ఒక పాత జీపు తీసుకొని, వెనక బస్తాలు పట్టేలా ఛాసిస్‌ను అడుగున్నర పొడిగించాను. ట్రాక్టర్ల కార్ఖానాలో ఫిట్టరుగా ఏళ్లు గడిపినవాణ్ని. వెల్డింగ్ తప్ప మిగతాదంతా ఇంటి ముందు రేకుల షెడ్డులో నేనే చేసుకుంటానని అందరికీ గొప్పగా చెప్పాను.

ఛాసిస్ పెరిగాక పాత బ్రేకు పైపు వెనక చక్రాల దాకా అందలేదు. సైలెన్సర్ కుడివైపు ఉంది కాబట్టి, ఆ వేడి తగలకుండా కొత్త పైపును ఎడమవైపు లోపలి అంచు వెంట తీసుకెళ్లి, జానెడుకొక క్లిప్పు బిగించాను. చివర్లో ఛాసిస్ నుంచి ఇరుసుకు రబ్బరు గొట్టం. ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంది కనుక అక్కడ ఇనుప పైపు పనికిరాదు. గొట్టం వేలాడితే బాగుండదని సరిగ్గా కొలిచి, నీటుగా పెట్టాను.

మురిసిపోయి నా భార్యను పిలిచాను. ఆమె టైలర్. మా వీధిలో సగం జాకెట్లు ఆమె కుట్టినవే. మెడలో టేపుతోనే వచ్చి, చాప మీద పడుకొని బండి కిందికి చూసింది.

"ఈ రబ్బరుది ఎట్ల కొలిచినవ్?"

"బండి నిలబడ్డప్పుడే కొలిచిన. ఎందుకు?"

"చెయ్యి కిందికి పెట్టించి కొలిచిన జాకెట్ లెక్కుంది. చెయ్యి లేపితే చంకల పిగులుతది."

నాకు రోషమొచ్చింది. "జాకెట్లు కుట్టేటోళ్లు బ్రేకులు గూడ చూస్తరా?"

"జర లేపి చూడరాదు?"

చూపిస్తానుండు అంటూ జాకీ పెట్టి ఛాసిస్ లేపాను. చక్రాలు నేల విడవకముందే గొట్టం తీగలా బిగుసుకుంది. ఇంకొంచెం లేపితే తెగేదే. దారిలో చక్రం పెద్ద గుంతలో దిగినా ఇదే జరిగేది. గబగబా జాకీ దించేశాను. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూసేంత గట్టిగా నవ్విందామె.

మర్నాడు పాత గొట్టం విప్పేశాను. ఈసారి చక్రాలు గాలిలో వేలాడుతుండగా కొలిచాం. టేపు ఆమెదే. ఆ కొలతకు సరిపడా పొడుగు గొట్టం తెచ్చి బిగించాను. తర్వాత పైపులో గాలి తీయడానికి ఆమెను బ్రేకు తొక్కమని, చక్రం దగ్గర గాలి వదిలే నట్టు విప్పడానికి నేను కిందికి దూరాను. కుట్టుమిషన్ అలవాటు కదా, దడదడా తొక్కేసింది.

"మెల్లగ! తొక్కి పట్టు, నేను చెప్పినంక ఇడువు."

బుడగలు రావడం ఆగి, ఆయిల్ సన్నటి ధారగా పడ్డాక నట్టు బిగించాను.

ముందు ఖాళీ వీధిలో నాలుగుసార్లు ఆపి చూసుకొని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని ఝరాసంగం దారి పట్టాను. ఒక మలుపులో మేకల మంద అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కగానే జీపు ఎటూ లాగకుండా ఆగింది. మేకలు కాస్తున్న ముసలామె మమ్మల్ని కోపంగా చూసింది.

"ఫికర్ జెయ్యకవ్వా, బ్రేకులు మేమే ఏసినం" అంది నా భార్య.

"గందుకే భయమైతుంది బిడ్డా" అందామె, మేకలను పక్కకు తోలుతూ.